నల్ల కారు మీద సిరామిక్ స్ప్రే కొట్టాక మసక పట్టేసింది, పెళ్లి లోపు మళ్లీ నిగనిగలాడాలంటే ఏం చెయ్యాలి?

నాగావళి_నలుపు

అందరికీ నమస్కారమండి. మాది శ్రీకాకుళం, పాత బ్రిడ్జి దగ్గర. మా కారు నలుపు. 2021లో నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుల్లోంచి తీసుకున్నారు. నలుపు వద్దు, దుమ్మంతా కనిపిస్తాది అని ఇంట్లో అందరం అన్నా ఆయన వినలేదు, కొంటే నలుపే కొంటానన్నారు. ఇప్పుడాయన లేరు, కారు నేనే చూసుకుంటున్నా. ఇంకో పన్నెండు రోజుల్లో చెల్లి పెళ్లి, నాన్న కారులోనే చెల్లిని మండపానికి తీసుకెళ్లాలని అమ్మ కోరిక. అందుకే బాగా మెరవాలని ఆన్‌లైన్లో ఒక సిరామిక్ స్ప్రే (పెయింటు మీద సన్నటి పొరలా నిలిచి దాన్ని కాపాడే మందు) బాటిల్ తెప్పించా.

మొన్న ఆదివారం ఇంటి ముందే బోరు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, పదకొండు గంటల టైంలో మొదలెట్టా. బాన్నెట్ మీద డైరెక్టుగా పది పన్నెండు సార్లు కొట్టి ఒక మైక్రోఫైబర్ గుడ్డతో రుద్దుకుంటూ పోయా, టాప్ మీద కూడా అంతే, డోర్లకి కొంచెం తక్కువ. బాగా పట్టాలని అదే రోజు మూడు కోట్లు (పూతలు) వేశా. బాటిల్ సగం పైనే అయిపోయింది.

అప్పటికి బానే ఉందనిపించింది. రాత్రి వీధిలైటు కింద చూస్తే గుండె జారిపోయింది. బాన్నెట్ మీద నీళ్లలో నూనె తేలినట్టు రంగురంగుల మచ్చలు, టాప్ మీద పొగమంచు పట్టినట్టు తెల్లటి మసక, వేలు పెడితే వేలిముద్ర పడుతోంది. పొద్దున్న లేచి చూస్తే మామూలు కంటే ఎక్కువ దుమ్ము అంటుకుని ఉంది. పక్కనుంచి చూస్తే రూపాయి బిళ్ళంత తెల్ల వలయాలు కూడా కనిపిస్తున్నాయి. ముందు అద్దం మీద కూడా కొంత పడినట్టుంది, వైపర్ వేస్తే పాలు పూసినట్టు అవుతోంది. నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల మరకలు సరేసరి.

పెయింటు పాడైపోయిందా? లేక ఇది పోతుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, నిద్ర పట్టట్లేదు.

---

పేట_వాటర్‌వాష్

తమ్ముడూ ముందు కంగారు పడకు, పెయింటుకేం కాలేదు. నాది నరసన్నపేటలో చిన్న వాషింగ్ షెడ్డు, వారానికి ఇలాంటి బండి ఒకటైనా వస్తాది. నువ్వు రాసింది చదువుతుంటేనే ఏటి జరిగిందో తెలిసిపోతోంది.

స్ప్రే బాటిల్లో ఎక్కువ భాగం నీళ్లో సాల్వెంటో ఉంటాది, అసలు మందు కొంచెమే. చల్లినాక ఆ తడి ఆరిపోయి మందు ఒక్కటీ సన్నటి పొరలాగ నిలబడాలి. ఆ పొర ఎంత సన్నగా, సమానంగా ఉంటే కింద పెయింటు అంత తేటగా కనిపిస్తాది. నువ్వు బాన్నెట్‌కి పన్నెండు సార్లు కొట్టావు, దానికి నాలుగైదు చాలు. పైగా ఎండలో కొట్టావు. ఈ రోజుల్లో పదకొండు గంటలకి నల్ల బాన్నెట్ మీద చెయ్యి పెట్టి ఉంచగలవేటి? ఆ వేడికి తడి చటుక్కున ఎగిరిపోయి, నువ్వు తుడిచేలోపు మందు ఎక్కడిదక్కడ గడ్డకట్టింది. ఎక్కువ పడినచోట మందంగా, తక్కువ పడినచోట పల్చగా. నీకు కనిపించే నూనె రంగులు ఆ మందంగా ఉండిపోయిన చోట్లే. గుడ్డ కూడా ఒకటే వాడేనంటున్నావు, అది మూడో డోరుకే తడిసి ముద్దైపోయి ఉంటాది, ఇంక తుడవదు, పూస్తాది.

మూడు కోట్లు వేస్తే మూడింతలు మెరుస్తాదన్నది అందరికీ ఉండే భ్రమ. మెరుపు స్ప్రేలోంచి రాదు తమ్ముడూ. కింద పెయింటు ఎంత నున్నగా శుభ్రంగా ఉంటే అంత మెరుస్తాది, స్ప్రే దాన్ని కాపాడతాది అంతే. ఇది ఒప్పుకోని కస్టమర్లతో రోజూ నాకిదే వాదన.

ఇప్పుడు చెయ్యవలసింది చెప్తాను. ఎండ తగలని చోట, పొద్దున్న ఆరు గంటలకో సాయంత్రం అయిదు దాటాకో మొదలెట్టు. ముందు కారు షాంపూతో కడుగు. గిన్నెల సోపూ బట్టల సర్ఫూ వద్దు. ఆరాక, మసక ఉన్నచోట అరచేయంత జాగాలో ట్రయల్ చెయ్యి. అదే స్ప్రే గుడ్డ మీద ఒక్కసారి కొట్టుకుని (బండి మీద కాదు, గుడ్డ మీద) ఆ మచ్చ మీద పది సెకన్లు మెల్లగా రుద్ది, ఆరనివ్వకుండా వెంటనే ఇంకో పొడి గుడ్డతో తుడిచెయ్. కొత్త తడికి పాత మందు కొంచెం మెత్తబడి వచ్చేస్తాది. నాలుగైదు రోజుల లోపైతే చాలావరకు దీంతోనే పోతాది.

దానికి లొంగకపోతే మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగు, 70 శాతంది ఉంటాది. అది ఒక వంతుకి రెండు వంతులు మంచినీళ్లు కలిపి గుడ్డకి పట్టించి తుడువు. శానిటైజర్ జెల్ వాడకు, అందులో జిగురు ఉంటాది. స్టవ్వులు, అగరొత్తులు దగ్గర పెట్టుకోకు. దీంతో మూడు కోట్లూ దాదాపు ఊడిపోతాయి, బాధపడకు, మళ్లీ సరిగ్గా ఒక్కటి వేసుకుందువు.

గుడ్డల సంగతి కూడా చెప్పాలి, సగం మంది ఇక్కడే బండి పాడుచేసుకుంటారు. 350 - 400 జీఎస్ఎం (గుడ్డ ఎంత ఒత్తుగా ఉందో చెప్పే లెక్క) మైక్రోఫైబర్లు కనీసం నాలుగు తీసుకో. గుడ్డని రెండుసార్లు మడిస్తే వాడుకోడానికి ఎనిమిది ముఖాలొస్తాయి, ఒక్కో ముఖం ఒక్కో పానెల్‌కి. పుయ్యడానికి ఒకటి, మెరుగు తుడవడానికి ఇంకొకటి, ఆ రెండూ కలవకూడదు. కింద పడిన గుడ్డని దులిపి మళ్లీ వాడకు, పక్కన పడెయ్. ఉతికేటప్పుడు మిగతా బట్టల్తో కలపొద్దు, ఫ్యాబ్రిక్ కండిషనర్ అస్సలు వద్దు, ఆ జిగురు గుడ్డకి పట్టేసి మళ్లీ బండి మీద గీతగీతలుగా దిగుతాది.

తెల్ల వలయాలు మాత్రం స్ప్రేవి కావు, బోరు నీళ్లవి. అది వేరే కథ, ఎవరైనా రాస్తారేమో చూడు, లేకపోతే రాత్రి నేనే రాస్తాను, ఇప్పుడు బళ్లు లైన్లో ఉన్నాయి.

---

మామిడిచెట్టు_నీడ

బాబూ, నీళ్ల మరకల సంగతి నేను చెబుతాను. మాది విజయనగరం, స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను, మా వీధి బోరు నీళ్లతో ఇరవై ఏళ్లుగా కుస్తీ పడుతున్నాను.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. మన ఇళ్లల్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, అదే ఇదీ. చుక్క ఆరిపోతే నీరు పోతుంది, లవణం ఉండిపోతుంది. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. స్ప్రే కొట్టిన కారు మీద నీళ్లు ముత్యాల్లా గుండ్రంగా నిలబడతాయి, అది చూసి అందరం మురిసిపోతాం. కానీ ఆ ముత్యం ఎండలో అక్కడే ఆరితే ఉన్న లవణమంతా ఒక్క చోటే పోగై గట్టి వలయం కడుతుంది. కాబట్టి కోటింగు ఉంది కదా అని తుడవడం మానేస్తే మరకలు తగ్గడం మాట అటుంచి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. కడిగిన వెంటనే, ఒక్కో వైపు ఆరకముందే తుడిచెయ్యాలి.

నేను చేసేదేమిటంటే కడగడం అంతా బోరు నీళ్లతోనే చేసి, ఆఖరి రెండు చెంబులు మాత్రం ఏసీ పైపు నుంచి పట్టిన నీళ్లు పోస్తాను. గాల్లోని తేమ చల్లబడి నీరైంది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. మన కోస్తా ఉక్కపోతకి రాత్రంతా ఏసీ వేస్తే బకెట్ నిండుతుంది. పల్చటి బట్టతో వడకట్టుకుంటే చాలు. వాన నీళ్లైనా పర్వాలేదు. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పట్టకండి, వృథా పోతున్నాయి కదా అనుకుంటారు గానీ లవణాలన్నీ అందులోనే ఉంటాయి.

ఇప్పుడున్న వలయాలకి తెల్ల వెనిగర్, మంచినీళ్లు సమపాళ్లలో కలిపి గుడ్డతో అద్ది ఒక నిమిషం ఉంచండి, ఆరనివ్వకండి, తర్వాత బాగా కడిగెయ్యండి. నీడలోనే సుమా. కొత్త మరకలైతే పోతాయి. నెలల తరబడి ఎండలో ఉడికినవైతే పెయింటులోకి గుంట పడి ఉంటుంది, వాటికి పాలిష్ తప్ప మార్గం లేదు.

ఇంకో మాట. నాకు ఈ స్ప్రేల కంటే డబ్బాలో వచ్చే ముద్ద వ్యాక్స్ అంటేనే ఇష్టం. బ్రెజిల్లో ఒకరకం తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి తీస్తారు దాన్ని, కార్నాబా అంటారు. నలుపు మీద అది ఇచ్చే లోతు, ఆ చెరువు నీళ్లలోకి చూసినట్టుండే నలుపు, నాకైతే స్ప్రేలో ఎప్పుడూ కనబడలేదు. ఓపిక కావాలి అంతే.

మా కారు మామిడి చెట్టు కింద ఉంటుంది. పూత కాలంలో తేనెమంచు పురుగు వల్ల పైనుంచి జిగురు తుంపర పడుతుంది, అద్దాలు, టాప్ అంతా బంకబంకగా అయిపోతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే దుమ్ముతో కలిసి గీతలు పడతాయి. తడిగుడ్డ పరిచి అయిదు నిమిషాలు నాననిచ్చి తియ్యాలి. పిట్ట రెట్టకీ ఇదే పద్ధతి, అది ఎండలో ఉండే కొద్దీ పెయింటుని తినేస్తుంది, చూసిన వెంటనే తియ్యాలి.

---

పేట_వాటర్‌వాష్

మాస్టారు చెప్పిన వెనిగర్ మాట కరెక్టు. వ్యాక్స్ దగ్గర మాత్రం నేనొప్పుకోను మాస్టారూ. రోజూ ఎండలో ఉండే బళ్లకి మన దగ్గర అది నెలా నెలన్నర ఆగితే గొప్ప, సిరామిక్ స్ప్రే సరిగ్గా వేస్తే అంతకంటే చాలా ఎక్కువ నిలబడతాది. ఇంకోటి, సిరామిక్ మీద వ్యాక్స్ వేస్తే పైన వ్యాక్స్ గుణమే కనిపిస్తాది, కింద సిరామిక్ పనిచేస్తందో లేదో కూడా తెలీదు. ఏదో ఒకటే పెట్టుకోవాలి.

---

మామిడిచెట్టు_నీడ

ఏదో ఒకటే అన్నది నిజం, అది ఒప్పుకుంటున్నాను. పెళ్లికి ఒక్క రోజు మెరవాలంటే మాత్రం నా ఓటు వ్యాక్స్‌కే.

---

కళింగపట్నం_ఉప్పుగాలి

నాది సముద్రం ఒడ్డున ఊరు, లైట్‌హౌస్ దగ్గరే. మాకు దుమ్ము కంటే ఉప్పుతో గొడవ. రాత్రి గాలి ఇటు కొడితే పొద్దున్నకి కారు మీద చెయ్యి పెడితే జిగటగా తగులుతుంది, నాలిక మీద పెట్టుకుంటే ఉప్పే. చాలామంది పొద్దున్నే ఈకల బ్రష్షో పొడిగుడ్డో పట్టుకుని ఒక రౌండు తుడిచేసి ఆఫీసుకి పోతారు. మన నల్ల కార్ల మీద ఎండలో సాలెగూడులా కనిపించే గుండ్రటి సన్న గీతలన్నీ అలా వచ్చినవే. నేను మూడేళ్లు అలాగే చేశా, ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. దుమ్ము తుడిచే ముందు నీళ్లతో జారగొట్టాల్సిందే, వేరే దారి లేదు.

టెక్కలి వైపు హైవే మీద తిరిగే బళ్లకి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. గ్రానైట్ లారీల వెనకాల వచ్చే దుమ్ము మామూలు మట్టి కాదు, రాతి పొడి, దాన్ని పొడిగుడ్డతో తుడవడమంటే గరుకు కాగితంతో తుడిచినట్టే.

తమ్ముడు నాగావళి గారూ, స్ప్రే మళ్లీ వేసే ముందు ఒక పరీక్ష చెయ్యండి. కడిగి ఆరాక చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని బాన్నెట్ మీద మెల్లగా రాయండి. వట్టి చేతికి తెలియని గరుకు కవరుతో తెలిసిపోతుంది. గరగరలాడితే కడగడంతో పోని చెత్త పెయింటుకి అతుక్కుని ఉందన్నమాట, దాని మీద ఎంత మంచి స్ప్రే కొట్టినా తేటగా రాదు.

---

నాగావళి_నలుపు

అందరికీ చాలా చాలా థాంక్సండి. పేట అన్నయ్యా, నువ్వు చెప్పినట్టే నిన్న సాయంత్రం గుడ్డ మీద ఒక్కసారి కొట్టుకుని బాన్నెట్ మూల ట్రయల్ చేశా. నూనె రంగులు పోయాయి, అరచేయంత జాగా అద్దంలా వచ్చింది, అందులో మా ఇంటి డాబా పిట్టగోడ కనిపించింది. కళ్లలో నీళ్లొచ్చాయి నిజంగా. టాప్ మీద మసక మాత్రం దానికి పోలేదు, ఆల్కహాల్ కలిపి తుడిస్తే పోయింది.

కవరు తొడుక్కుని రాసి చూశా. డోర్లు నున్నగానే ఉన్నాయి, బాన్నెట్టూ టాపూ ఇసక కాగితంలా గరగరమంటున్నాయి. ఇదెక్కడిదో తెలీట్లేదు. నేను రోజూ విశాఖకి ట్రైన్లో వెళ్తా, కారు ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దగ్గర పొద్దున్న నుంచి రాత్రి దాకా పెట్టి ఉంచుతా. దానివల్ల ఏమైనా అవుతుందా?

ఇంకో విషయం. వెనక బంపరుకి పదిహేను రోజుల క్రితం ఎవరో తగిలిస్తే పెయింటు వేయించా. దానికి కూడా స్ప్రే కొట్టేశా. పర్లేదా? టాప్ మీద గీతలు కూడా ఉన్నాయి, రబ్బింగ్ చేయించమంటారా పెళ్లి లోపు?

---

టింకరింగ్_పెయింటింగ్_30ఏళ్లు

రబ్బింగ్ అనే మాట చూసి రాస్తన్నాను, లేకపోతే రాసేవాణ్ణి కాదు. బాబూ కారుకి కింద ప్రైమరు, దాని మీద రంగు, ఆ పైన క్లియర్ అని రంగులేని పొర ఉంటాది. మీరు మెరుపు అనుకునేదంతా ఆ క్లియర్‌దే. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు దాని మందం సుమారు 40 - 50 మైక్రాన్లు, మనం రాసుకునే తెల్ల కాగితంలో సగం. రబ్బింగ్ అంటే ఆ క్లియర్ని చెక్కి గీత లోతుకి దించడం. చెక్కింది మళ్లీ రాదు. మిషను చేతకాని కుర్రాడి చేతిలో పెడితే అంచుల దగ్గర, బాన్నెట్ మడత దగ్గర క్లియర్ దాటి రంగు బయటపడతాది, అప్పుడు మొత్తం పానెల్ కొట్టించాలి. నీ బండికి ఆ గీతలు దగ్గరికెళ్లి వంగి చూస్తేనే కనిపిస్తాయంటే వదిలెయ్. పెళ్లి అయ్యాక తీరిగ్గా మందం కొలిచే మీటరున్న చోటికి తీసుకెళ్లి సన్నటి పాలిష్ చేయించు, పదిరోజుల్లో పెళ్లి పెట్టుకుని వద్దు.

బంపరు మాట. కొత్త పెయింటు లోపలి నుంచి సాల్వెంటు ఇంకా బయటికి వస్తా ఉంటాది, కనీసం నెలరోజులు పైన ఏ వ్యాక్సూ కోటింగూ వెయ్యకూడదు. కొట్టేసినదానికి ఇప్పుడు చేసేదేం లేదు, షాంపూతో రెండుసార్లు కడిగి వదిలెయ్, ఆ ఆల్కహాల్ మాత్రం బంపరుకి తగలనివ్వకు. నీకు పెయింటు వేసినాయన్ని కూడా ఒకసారి అడుగు, ఏ క్లియర్ వేశాడో అతనికే తెలుసు.

ఎవరైనా డీజిల్ గుడ్డతోనో కిరోసిన్‌తోనో తుడవమంటే వినకు. గంటసేపు నిగనిగలాడతాది, ఆ జిడ్డుకి ఊళ్లో దుమ్మంతా వచ్చి పడతాది.

---

పేట_వాటర్‌వాష్

స్టేషన్ దగ్గర పెడతన్నావా, అదీ సంగతి. రైలు చక్రాలు పట్టాల మీద ఒరుసుకుని, బ్రేకులు పట్టినప్పుడల్లా సన్నటి ఇనప రజను లేస్తాది. అది వచ్చి వేడి బాన్నెట్ మీద పడి అతుక్కుపోయి తర్వాత తుప్పు పడతాది. తెల్ల కార్ల మీదైతే నారింజ చుక్కల్లా కనిపిస్తాది, నలుపు మీద కనిపించదు, చేతికే తెలుస్తాది. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీల దగ్గర పెట్టే బళ్లు కూడా నా దగ్గరికి ఇలాగే గరగరలాడుతూ వస్తుంటాయి.

దీనికి ఐరన్ రిమూవర్ అని దొరుకుతాది. చల్లటి బండి మీద, నీడలో కొడితే ఇనుము ఉన్నచోటల్లా వంకాయ రంగులో కారుతాది, చూస్తే భయమేస్తాది గానీ అది పనిచేస్తందని గుర్తు. మూడు నాలుగు నిమిషాలకి, ఆరకముందే కడిగెయ్యాలి. వాసన ఘోరంగా ఉంటాది, చేతికి గ్లవుజులు వేసుకో. ఇంకా గరుకు మిగిలితే క్లే బార్, మెత్తటి మైనం ముద్దలాగ ఉంటాది, షాంపూ నీళ్లు బాగా చల్లుకుంటా బరువు పెట్టకుండా రాయాలి. ముద్ద కింద పడితే చెత్తబుట్టలో వేసెయ్, మళ్లీ బండి మీద పెట్టకు. ఈ రెండూ చేస్తే ఉన్న కోటింగు కూడా పోతాది, అందుకే అన్నీ అయ్యాక ఆఖర్న స్ప్రే.

ఆ ఆఖరి స్ప్రే ఎలాగో మళ్లీ చెప్తాను, అక్కడే తేడా వస్తాది కాబట్టి. ముందు అరచెయ్యి వెనకవైపుతో ముట్టి చూడు, బాన్నెట్ చల్లగా తగలాలి. బాన్నెట్ని మనసులో నాలుగు ముక్కలు చేసుకో. గుడ్డని ముందు కొంచెం తడి చేసి గట్టిగా పిండు, లేకపోతే మొదటి రెండు స్ప్రేలూ గుడ్డే తాగేస్తాది. ముక్కకి ఒక్క స్ప్రే, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా రాయి. వెంటనే పొడి గుడ్డ తిప్పు. అది పూర్తయ్యేదాకా రెండో ముక్కకి పోకు. ఉక్కపోతగా ఉన్న రోజు గాల్లో తేమకి మందు తొందరగా ఆరదు, తుడిచిన చోట జిడ్డుగా అనిపిస్తే రెండు నిమిషాలాగి ఇంకో కొత్త ముఖంతో మళ్లీ తుడువు. ఒక్కో పానెల్ అయ్యాక ఫోన్ టార్చి పక్కనుంచి వాలుగా కొట్టి చూడు, పైనుంచి కొడితే ఏమీ కనపడదు. ఎక్కడైనా రంగులు కనిపిస్తే అప్పుడే పోతాది, రేపు పోదు.

ముందు అద్దానికీ, బ్రేకు డిస్కులకీ స్ప్రే తగలనివ్వకు. బ్రేకుల విషయం తమాషా కాదు, అందుకే చక్రాల దగ్గర ఎప్పుడూ గుడ్డ మీదే కొట్టుకోవాలి. అద్దం మీద పడినదాన్ని అదే ఆల్కహాల్ నీళ్లతో తుడిచి, వైపర్ రబ్బర్లు కూడా ఆ గుడ్డతోనే తుడువు, పాల మరక పోతాది. నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటిది మెత్తటి టూత్‌బ్రష్షు, షాంపూ నీళ్లతో వచ్చేస్తాది.

ఒక రాత్రి తడి తగలకుండా ఉంచు. మంచు పడే చోట కాకుండా కప్పు కింద పెట్టు. ఎన్ని గంటలన్నది ఒక్కో మందుకి ఒక్కోలా ఉంటాది, బాటిల్ మీద చదువుకో.

---

కోటజంక్షన్_పెళ్లికార్లు

విజయనగరం నుంచి రాస్తున్నా. మేం పెళ్లిళ్లకి కార్లు తిప్పుతాం, అందుకని ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్తాను. నువ్వింత కష్టపడి మెరిపించాక పెళ్లిరోజు డెకరేషన్ వాళ్లొచ్చి ఒక్క గంటలో పాడుచేసేస్తారు. బాన్నెట్ మీద సెల్లోటేపు వేసి పూలు అతికిస్తారు, ఎండకి ఆ టేపు జిగురు పెయింటుకి పట్టేస్తుంది, లాగితే చారలు. ముందే చెప్పు, టేపు వద్దు, రిబ్బన్‌తో బాన్నెట్ అంచుల కిందకి, అద్దాల కాడలకి, గ్రిల్‌కి కట్టమను. పూల దండ కింద మెత్తటి గుడ్డపట్టీ పెట్టమను. దండలో ఇనప తీగ కొస బయటికి పొడుచుకుని ఉంటుంది, గాలికి దండ కదిలిన ప్రతిసారీ అది పెయింటు మీద గీస్తుంది. మా బండికి అలాగే ఒక జానెడు గీత పడింది, ఇప్పటికీ అది చూస్తే మనసు చివుక్కుమంటుంది.

బంతిపూలు, చామంతులు ఎండలో వాడి రసం కారితే పసుపు మరకలు పడతాయి. మండపం దగ్గర దిగగానే పూలు తీయించి, తడిగుడ్డతో ఒకసారి అద్దితే చాలు. రాత్రంతా అలాగే వదిలేస్తేనే ఇబ్బంది.

అలాగే పూజ. ఇంట్లో పెద్దవాళ్లు బాన్నెట్ మీద పసుపుతో స్వస్తిక్ రాసి కుంకుమ పెడతారు, అది వద్దనలేం, అనకూడదు కూడా. పొడి పసుపు వేలితో రుద్దితే గీతలు పడతాయి కాబట్టి నీళ్లతో పల్చగా కలిపి పెట్టమను. సాయంత్రానికల్లా నీళ్లు పోసి కడిగెయ్, పొడిగుడ్డతో రుద్దొద్దు. కొబ్బరికాయ కూడా బండికి దూరంగా కొట్టమను, నీళ్లు చింది ఆరితే చక్కెర మరక పడుతుంది.

---

నాగావళి_నలుపు

ఆదివారం పొద్దున్న అయిదింటికే లేచి మొదలెట్టా. అమ్మ టీ పెట్టి ఇచ్చి అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది. ఐరన్ రిమూవర్ కొడితే బాన్నెట్ అంతా వంకాయ రంగు కారింది, అమ్మ భయపడిపోయి ఏటిరా ఇది అని అరిచింది. కడిగాక కవరు తొడుక్కుని రాస్తే సగం గరుకు పోయింది, మిగతాది క్లే బార్‌తో తీశా, ముద్దంతా బూడిద రంగులోకి మారిపోయింది. తెల్ల వలయాలు వెనిగర్‌కి చాలావరకు పోయాయి, టాప్ మీద నాలుగో అయిదో మిగిలాయి, వాటి జోలికి పోలేదు. ఆఖరి కడుగు మాస్టారు చెప్పినట్టు ఏసీ నీళ్లతో.

తొమ్మిదికల్లా ఎండ ముందుకొచ్చేసింది, అక్కడితో ఆపేసి బండి షెడ్డులో పెట్టేశా. సాయంత్రం ఆరుకి చెయ్యి పెట్టి చూసుకుని, గుడ్డ మీద ఒక్క స్ప్రే లెక్కన ఒకే ఒక్క కోటు వేశా, బంపరు వదిలేసి. మొత్తం బండికి పట్టిన మందు ఆ రోజు ఒక్క బాన్నెట్‌కి తగలేసినంత కూడా లేదు. రాత్రి అదే వీధిలైటు కింద నిలబడి చూశా. లైటు బాన్నెట్‌లో గుండ్రంగా, అంచు చెదరకుండా పడింది. మసక లేదు, రంగులు లేవు. అమ్మ బయటికొచ్చి కాసేపు చూసి, కొన్న రోజు మీ నాన్న పట్టుకొచ్చినప్పుడు ఇలాగే ఉంది అంది.

డెకరేషన్ అబ్బాయికి టేపు వద్దని ఫోన్ చేసి చెప్పా, రిబ్బన్‌తో కడతానన్నాడు. ఇంక ఒకటే అనుమానం పేట అన్నయ్యా. పెళ్లికి ఇంకో అయిదు రోజులుంది, ఈ లోపు స్టేషన్ దగ్గర పెట్టను, బస్సులోనే పోతా. కానీ షెడ్డులో ఉన్నా పైన సన్నటి దుమ్ము పడుతోంది. పెళ్లిరోజు పొద్దున్న కడిగే టైం ఉండదు, ఏం చెయ్యను?

---

పేట_వాటర్‌వాష్

సంతోషం తమ్ముడూ. ముందురోజు సాయంత్రమే కడిగి తుడిచి పెట్టుకో, పైన పల్చటి నూలు దుప్పటి కూడా కప్పకు, గాలికి కదిలి గీస్తాది. పెళ్లిరోజు పొద్దున్న పైన దుమ్ము ఉంటే ప్రెషర్ పంపు అక్కర్లేదు, తోటకి మందు కొట్టే చిన్న చేతిపంపు ఉంటాది కదా, మందు తగలని కొత్తది తెచ్చుకుని అందులో ఏసీ నీళ్లు పోసి పైనుంచి కిందకి జారగొట్టు. కోటింగు కొత్తది కాబట్టి దుమ్ముతో సహా నీళ్లు జారిపోతాయి. మిగిలిన చుక్కల మీద పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి పైకెత్తు, రుద్దకు. పావుగంట పని. చెల్లికి మా శుభాకాంక్షలు చెప్పు, పేట వైపు వస్తే షెడ్డు దగ్గర ఆగు.